దాలమ్మ ఇంటి నూనె ముంత

అనగనగా ఒక కొండ, ఆ కొండ నీడన ఒక ఊరు. కార్తీకం వెళ్ళీ వెళ్ళగానే ఆ ఊళ్ళోకి మంచు దిగేది. బారెడు పొద్దెక్కినా ఎదురింటి అరుగు కనపడేది కాదు. ఆవులు కూడా బద్ధకంగా లేచేవి. అచ్చం నీలాగే అనుకో.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ నూలు వడికేవాళ్ళు. దూదిని చేప దవడ ఎముకతో దువ్వేవాళ్ళు. నవ్వకు తల్లీ, నిజమే. వాలుగ చేప దవడకి దువ్వెన కన్నా సన్నటి పళ్ళుంటాయి. దానితో దువ్వితే చెత్తంతా ఊడిపోయి దూది మెత్తబడుతుంది. ఆ తర్వాత ఆ దూదిని ఏకులుగా చుడతారు. రాట్నం ముందు కూర్చుని, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏకుని పట్టుకుని లాగుతారు. అప్పుడు నూలు వస్తుంది. ఎంత సన్నగా లాగితే అంత గొప్ప.

అందరిలోకీ సన్నగా లాగేది దాలమ్మ. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. ఒక్కడే కొడుకు, పేరు గంగులు. రాట్నం తిప్పి తిప్పి ఆ కొడుకుని పెంచుకొచ్చింది. ఆ ఊరి అమ్మవారికి ఏటా చలి తగ్గే వేళకి జాతర చేసేవారు. జాతరలో అమ్మవారికి కొత్త చీర కట్టాలి. ఆ చీరకి నూలు దాలమ్మ ఇంటి నుంచే వెళ్ళాలి. వాళ్ళ అత్తగారి నాటి నుంచీ అదే ఆనవాయితీ. దాలమ్మకి అదే బలం. అదే పొగరు కూడా.

మనిషి మంచిదే. ఎవరింట్లో పిల్లకి జ్వరమొచ్చినా ముందు పరిగెత్తేది ఆవిడే. నూలు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి మాటా చెవిన వేసుకునేది కాదు.

ఆవిడ ఇంట్లో కట్టుబాట్లు కొన్ని ఉండేవి. వడికే గదిలోకి నూనె రాకూడదు. దీపం కూడా ఆ గదిలో పెట్టకూడదు. తలకి నూనె రాసుకున్నవాళ్ళు జుట్టుకి గుడ్డ చుట్టుకుని గానీ ఆ గడప తొక్కకూడదు. రాట్నం ముందు కూర్చునే ముందు కుంకుడు రసంతో చేతులు రుద్దుకోవాలి, బావి నీళ్ళతో కడుక్కోవాలి, ఆరాక సుద్దపొడి అద్దుకోవాలి. అప్పుడు గానీ ఏకు ముట్టుకోకూడదు. దాలమ్మని చూసి ఊళ్ళో వడికేవాళ్ళందరూ అలాగే చేసేవాళ్ళు. చలికాలంలో చేతులు పగిలితే, చలికాలం కదా పగలవా ఏంటి అనుకునేవాళ్ళు.

దాలమ్మకి నూనె అంటే అంత భయం ఎందుకో కూడా చెప్తాను. ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, వాళ్ళ అత్తగారు తాలింపు పెట్టిన చేత్తో మర్చిపోయి ఏకు ముట్టుకుంది. నూనె పడ్డ దూదికి మరక పోదు కదా. నేతగాళ్ళు ఆ నూలు వెనక్కి పంపేశారు. అత్తగారు ఆ ఏడంతా వీధిలో తలెత్తుకోలేదు. అది కళ్ళారా చూసిన దాలమ్మకి, నూనె పేరు వింటేనే గుండెల్లో రాయి పడేది.

ఇలా ఉండగా గంగులుకి పెళ్ళయింది. కోడలి పేరు అసిరి. పల్లపు ఊళ్ళ పిల్ల. వాళ్ళ ఊరి చుట్టూ ఎటు చూసినా నువ్వుల చేలే. అత్తారింటికి వస్తూ, వాళ్ళమ్మ ఇచ్చిన మట్టి ముంత ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. ముంత నిండా గానుగాడిన నువ్వుల నూనె. దాలమ్మ దాన్ని చూసింది. కొత్త కోడలు కదా, నోటితో ఏమీ అనలేదు. రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి గొడ్లసావిట్లో దూలానికి వేలాడగట్టి వచ్చింది.

ఆ తర్వాత కోడల్ని రాట్నం ముందు కూర్చోబెట్టింది. అసిరికి వడకడం రాదు. మొదటి రోజు తాడు లాంటి నూలు తీసింది. దీనితో మన ఎద్దుని కట్టెయ్యచ్చు అన్నాడు గంగులు. అసిరి పడీ పడీ నవ్వింది. మర్నాడు మళ్ళీ కూర్చుంది. ఆ పిల్ల వేళ్ళలో ఏముందో గానీ, నూలు సన్నబడింది. ఇంకా సన్నబడింది. చివరికి వెలుగులోకి ఎత్తి పట్టుకుంటే తప్ప కంటికి ఆననంత సన్నబడింది.

దాలమ్మ ఆ నూలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎండకెత్తి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఆవిడ కళ్ళు అప్పటికే మసకేస్తున్నాయి. నా తర్వాత అమ్మవారి చీరకి ఎవరు వడుకుతారా అని లోలోపల బెంగ పెట్టుకుని ఉంది. ఆ బెంగ కాస్తా ఆ రోజుతో తీరిపోయింది. కోడలి బుగ్గలు పుణికింది.

"అమ్మోరే నిన్ను ఎతికి ఎతికి నా ఇంటికి పంపింది గుంటా" అంది.

అసిరికి ఆ మాట చాలు. అత్త మెచ్చుకుందని పొంగిపోయింది. పొద్దున్నే రాట్నం ముందు కూర్చునేది. వడుకుతూ ఏదో కూనిరాగం తీసేది. దాలమ్మ ఎదురుగా కూర్చుని ఏకులు చుడుతూ వినేది. ఆ ఇంట్లో అంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ లేదు. అక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండేదో. కానీ చలికాలం వచ్చేసింది.

దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. ఆ ఊరి చలి మన చలి లాంటిది కాదు. కొండ మీంచి పొడిగాలి దిగేది. ముందు పెదాలు పగిలేవి. ఆ తర్వాత బుగ్గలు బిరుసెక్కేవి. ఆ తర్వాత చేతులూ కాళ్ళూ. ఒంట్లో ఉన్న తడంతా ఆ గాలి పీల్చేసేది. మగవాళ్ళు సాయంత్రమయ్యేసరికి ఇంత నూనె మర్దనా చేసుకుని నెగడి దగ్గర చేరేవాళ్ళు. గంగులు ఆ రోజుల్లో ఇంటి పట్టున లేడు. వరి కుప్పలు నూర్చే కాలం, కళ్ళంలోనే కాపలా పడుకునేవాడు. ఇంట్లో అత్తా కోడళ్ళు ఇద్దరే.

దాలమ్మ చేతులు ఆ చలికి ఏనాడో అలవాటు పడిపోయాయి. అసిరి చేతులు పడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ చలికాలం వస్తే వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని నూనె రాసిన చేతులవి. కుంకుడు రసానికీ, చల్లటి నీళ్ళకీ, సుద్దపొడికీ ఉన్న కాస్త నునుపూ పోయింది. ముందు చర్మం తెల్లగా పొడిబారింది. గోరుతో గీస్తే గీత పడేది. గాజులు వేసుకుంటుంటే గరగరమనేది.

అప్పుడు అసిరి అత్త దగ్గరికొచ్చి మొదటిసారి అడిగింది.

"అత్తా, రాత్రిపూట సేతులకి కూసింత నూనె రాసుకుంతాను. తెల్లారి శనగపిండితో రుద్దుకుని గోరెచ్చటి నీళ్ళతో కడిగేసుకుంటే జిడ్డన్నదే ఉండదు. మా ఊళ్ళో అందరూ అలాగే సేత్తారు."

దాలమ్మ నవ్వేసింది. మీ ఊళ్ళో నువ్వులు పండించుకుంటారు, మా ఊళ్ళో నూలు వడుకుతాం, రెండూ ఒకటి కాదు పొమ్మంది. పోనీ ఒక్కసారి చేసి చూద్దాం అని కూడా అనలేదు. అసిరి సరేనని రాట్నం ముందుకెళ్ళి కూర్చుంది.

ఆ తర్వాత చలి ఇంకా ముదిరింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చీలింది. చేయి మడిస్తే చీలిక నోరు తెరిచేది. కుంకుడు రసం తగిలితే మంట నెత్తికెక్కేది. అసిరి పెదవి కొరుక్కుని కడుక్కునేది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, పొగమంచు అని తుడుచుకునేది.

అప్పుడు రెండోసారి అడిగింది. నూనె వద్దులే అత్తా, కనీసం ఆ కుంకుడు రసం మానేసి ఉత్త వేడినీళ్ళతో కడుక్కుంటానంది. దాలమ్మ దానికీ ఒప్పుకోలేదు. అమ్మవారి చీర సగంలో ఉంది, ఇప్పుడు కట్టు తప్పితే ఎలా అంది. జాతర అవ్వనీ, ఆ ముంతెడు నూనే నీకు తలంటి పోస్తాను, నా చేత్తో నేనే పోస్తాను అంది. ఆ మాట ప్రేమగానే అంది తల్లీ. అందుకే అసిరి మళ్ళీ నోరెత్తలేకపోయింది. కోపంగా అని ఉంటే పోట్లాడేదేమో.

మూడోసారి అసిరి అడగలేదు. ఒకనాటి మధ్యాహ్నం, అత్త ఎదురింటి తవుడమ్మతో మాటల్లో ఉండగా, గొడ్లసావిట్లోకి వెళ్ళింది. దూలానికి ఉన్న ముంతని కిందికి దింపింది. మూత మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే దాలమ్మ గడ్డి కోసం లోపలికి వచ్చింది.

దాలమ్మ తిట్టలేదు, అరవలేదు. గుమ్మంలో నిలబడి, "అమ్మోరి సీర" అంది. అంతే.

అసిరి మూత తియ్యకుండానే ముంతని మళ్ళీ దూలానికి కట్టేసింది. చేతులు రెండూ కొంగు కింద దాచుకుని అత్త పక్క నుంచి వెళ్ళిపోయింది. ఆ కొంగు కింద ఏముందో దాలమ్మ అడగలేదు. అడిగి ఉంటే మనకి ఈ కథే ఉండేది కాదు.

ఆ తర్వాత కూనిరాగం ఆగిపోయింది. ఆ సంగతి దాలమ్మ చెవికి ఆనలేదు. నూలు తెగడం మాత్రం ఆనింది. పగిలిన వేళ్ళ అంచులకి దూది పీచు తగులుకుని, నూలు టప్పున తెగేది. అసిరి అతికేది. మళ్ళీ తెగేది. మనసెక్కడ పెట్టుకున్నావే అని దాలమ్మ విసుక్కునేది. అత్త బయటికి వెళ్ళినప్పుడు అసిరి వేళ్ళకి గుడ్డపీలిక చుట్టుకునేది. అత్త అడుగుల చప్పుడు వినపడగానే విప్పేసేది. చేతులు పాడైపోతున్నాయని చెప్పుకోవడానికి ఆ పిల్లకి సిగ్గు. అమ్మవారే పంపిందన్న మాట ఎక్కడ పోతుందోనని భయం. ఎంత పిచ్చి పిల్లో చూడు.

అలా వడుకుతూ వడుకుతూ ఉండగా, ఒక సాయంత్రం దాలమ్మ ఆ రోజు నూలు చుట్టిన చిలపని గుమ్మంలోకి తెచ్చి వెలుగుకెత్తింది. తెల్లటి నూలులో ఒకచోట ఎర్రగా కనిపించింది. కళ్ళు చికిలించి చూసింది. నెత్తురు.

దాలమ్మకి వాళ్ళ అత్తగారూ, వెనక్కొచ్చిన నూలూ, ఆ ఏడంతా మూసుకున్న వీధి తలుపూ కళ్ళముందు తిరిగాయి. ఆ భయంలో నోటికి ఎంత మాట వస్తే అంత మాట అనేసింది. అమ్మవారి నూలు మైలపరిచావంది. నిన్ను నమ్మి ఇల్లు అప్పజెప్పాను, నాకు తలవంపులు తెచ్చావంది. వడకడం చేతకాకపోతే మీ నువ్వుల చేలకే పొమ్మంది.

అసిరి "కడిగేత్తానత్తా" అని, చిలప తీసుకుని బావి దగ్గరికెళ్ళింది. ఆ చలిలో, ఆ నీళ్ళలో, ఆ పగుళ్ళ చేతులతో కుంకుడు రసం పోసి పోసి కడిగింది. మరక పోయింది. నూలు మళ్ళీ తెల్లగా అయ్యింది. దాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, హమ్మయ్య అనుకుని, కడుపునిండా అన్నం తింది. ఆ పూట అన్నం తిన్నందుకు ఆవిడ తర్వాత ఎన్నిసార్లు ఏడ్చిందో నేను చెప్పలేను.

తెల్లారింది. రాట్నం చప్పుడు లేదు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. అప్పటికీ లేదు. దాలమ్మ కోపంగా లోపలికి వెళ్ళింది. అసిరి ముసుగుతన్ని పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. లేవవేం అని దాలమ్మ దుప్పటి లాగింది.

అప్పుడు చూసింది ఆ చేతుల్ని. వెలుగులో, దగ్గర్నుంచి, మొదటిసారి చూసింది. చర్మం ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి ఉంది. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ వాచిపోయి, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. పగుళ్ళలో చీము చేరింది. ఆ రెండు వేళ్ళతోనే కదా నూలు లాగేది.

దాలమ్మ వీధిలోకి పరిగెత్తి, నాటువైద్యం చేసే సన్యాసయ్యని వెంటబెట్టుకొచ్చింది. కళ్ళం నుంచి గంగులు కూడా పరిగెత్తుకొచ్చాడు. సన్యాసయ్య చీము తీసి, పసరు కట్టు కట్టాడు. జ్వరానికి కషాయం ఇచ్చాడు. కట్టు కడుతూ, చర్మం పొడిబారిన రోజునే ఇంత నూనె రాసి వెచ్చగా ఉంచి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా అన్నాడు. వేళ్ళు నిలబడతాయి గానీ, కొసల్లో స్పర్శ తిరిగొస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు. గంగులు తల్లి వైపు చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. ఒక్క మాట అన్నా దాలమ్మకి కాస్త తేలిగ్గా ఉండేది.

మధ్యాహ్నానికి అసిరికి నిద్ర పట్టింది. అప్పుడు దాలమ్మ గొడ్లసావిట్లోకి వెళ్ళింది. ముంత దింపింది. తన కుడిచేతికి నూనె పోసుకుని, మణికట్టు నుంచి వేలికొసల దాకా పట్టించింది. కాసేపు ఆగింది. శనగపిండితో రుద్దుకుని, గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కుని తుడుచుకుంది. ఆ తర్వాత అన్నిటికన్నా తెల్లటి ఏకుని తీసుకుని గుప్పిట్లో నలిపింది. వెలుగులోకి తెచ్చి చూసింది. మరక లేదు.

నమ్మలేక ఎడమచేతికి రాసుకుంది, అలాగే కడుక్కుంది. ఇంకో ఏకు నలిపింది. మరక లేదు. మూడోసారి రెండు చేతులకీ రాసి, కడిగి, అసిరి తీసిన సన్న నూలు చిలపనే అరచేతుల మధ్య పెట్టి రుద్దింది. తెల్లగా, ఉన్నది ఉన్నట్టే ఉంది.

అంత తేలిక. గుప్పెడు పిండి, చెంబుడు వేన్నీళ్ళు. కోడలు మొదటి రోజునే చెప్పింది.

పైగా ఇంకో సంగతి కూడా ఆవిడకి అప్పుడే తెలిసింది. తన చేతులు కూడా ఇన్నేళ్ళుగా మండుతూనే ఉన్నాయి. నూనె తగిలి ఆ మంట ఆగాకే, మంట ఉండేదని తెలిసింది. అలవాటైపోయింది అంటే నొప్పి లేదని కాదు కదా తల్లీ. దాలమ్మ గడప మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పిల్ల లేస్తుందేమోనని గట్టిగా ఏడవడానికి కూడా లేకపోయింది.

ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది. ముంత చంకన పెట్టుకుని ఎదురింటికెళ్ళింది. తవుడమ్మ చేతులు పట్టుకుని నూనె రాసింది. దాని పక్కింటికెళ్ళింది. ఆ పక్కింటికీ వెళ్ళింది. నూనె గుమ్మంలోకి రానివ్వని దాలమ్మ నూనె ముంతతో ఇల్లిల్లూ తిరుగుతుంటే ఊరు ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఉన్నదున్నట్టు చెప్పింది. నా కోడలి చేతులు నేనే పాడుచేసుకున్నాను, మీ పిల్లల చేతులు మీరు పాడుచేసుకోకండి అంది. అమ్మవారి చీరకి తరిగిన నూలు మీరందరూ తలా కాస్త వడికి ఇవ్వండంది. ఆనవాయితీ పోతుందేమో అని ఎవరో అంటే, పోనీ అంది.

చీర తయారయ్యింది. జాతర జరిగింది. సగం నూలు అసిరిది, సగం ఊరిది. ఎంత సన్నటి చీరో అని వచ్చినవాళ్ళందరూ చెప్పుకున్నారు. కట్టుతో ఉన్న చెయ్యి గుండెలకి ఆనించుకుని అసిరి ఆ చీరని చూస్తూ నిలబడింది. దాలమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టింది గానీ, తలెత్తి చీర వైపు చూడలేకపోయింది.

ఎండలు ముదిరే వేళకి గాయాలు మానాయి. అసిరి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. ఏకు పట్టుకుని లాగింది. నూలు ఉండలు ఉండలుగా వచ్చింది. మళ్ళీ లాగింది, తెగింది. మూడోసారి కళ్ళు మూసుకుని లాగి చూసింది. వేళ్ళ మధ్య దూది ఉందో లేదో వేళ్ళకి తెలియడం లేదు. కొసలు మొద్దుబారిపోయాయి. అసిరి ఏకు కింద పెట్టి, అత్త వైపు చూసి చిన్నగా నవ్వింది. దుప్పట్లకి పనికొచ్చే ముతక నూలు తీస్తాలే అత్తా అంది.

ఆ తర్వాత ఎన్నో చలికాలాలు వచ్చాయి. చలి మొదలైందంటే దాలమ్మ సాయంత్రం వేళ చిన్న గిన్నెలో నూనె గోరువెచ్చగా కాచేది. అసిరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అరచేతులు, కణుపులు, గోళ్ళ చుట్టూ, ఒక్కో వేలూ విడివిడిగా పట్టించేది. పెదాలకి ఇంత వెన్న రాసేది. తెల్లారి తనే శనగపిండి కలిపి, వేన్నీళ్ళు తోడి పెట్టేది. కుంకుడు రసం ఆ చేతుల దరిదాపులకి రానిచ్చేది కాదు. ఆ ఊళ్ళో మిగతా ఆడపిల్లలందరి చేతులూ బాగున్నాయి. ఒకరిద్దరు ఒకప్పటి అసిరి లాగే సన్నగా వడకడం కూడా నేర్చారు. అసిరి చర్మం కూడా మెత్తబడింది. ఎక్కడా చిన్న పగులు లేదు. ఆ రెండు వేళ్ళ కొసలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

దాలమ్మ ముసలిదైపోయింది. చూపు పూర్తిగా పోయింది. అయినా చలికాలం సాయంత్రాలు తడుముకుంటూ వచ్చి కోడలి పక్కన కూర్చునేది. కళ్ళు లేకపోయినా ఆ చేతుల మీద ఏ గీత ఎక్కడుందో ఆవిడకి తెలుసు.

ఒక సాయంత్రం నూనె రాస్తూ రాస్తూ, ఆ రెండు వేళ్ళ దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట అప్పుడు అడిగింది.

"నామీద నీకు కోపం నేదా అసిరీ?"

అసిరి నెగట్లో పుల్ల ఒకటి ఎగదోసింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది.

"నూనె ఇవ్వనందుకు నేదత్తా. తిట్టినందుకూ నేదు. రోజూ నా ఎదురుగానే కూకున్నావు. రోజూ నా నూలు ఎలుగుకెత్తి, ఈ కొస నుంచి ఆ కొస దాకా సూసేదానివి. ఒక్కపాలి... ఒక్కపాలి నా సెయ్యి సూసుంటే బాగున్ను."

దాలమ్మ కోడలి చేతిని రెండు చేతులతో పట్టుకుని, కనపడని కళ్ళతో దాని మీదకి వంగింది. అసిరి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నారు ఇద్దరూ.

ఏంటి తల్లీ? ఆ వేళ్ళు బాగయ్యాయా అనా?

లేదమ్మా. బాగవలేదు. కథే కదా, దేవత వచ్చి ముట్టుకోగానే బాగయిపోయాయని చెప్పెయ్యచ్చు. కానీ అలా చెప్తే అసిరికి అన్యాయం చేసినట్టుంటుంది. నాకు మనసొప్పదు.

కథ వెళ్ళె కంచికి, మనమొస్తిమి ఇంటికి,
నూనె పోసె చేతికి, నిదర వచ్చె కంటికి,
చలి పోయె కొండకి, నువ్వు రావె ఒడికి.